విద్యుత్కారులో నోటిమాటతో చేయు దోషనివేదనము: దానివలని ప్రయోజనమెంత?

అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెత మనవారందరు ఎరిగినదే. కష్టము కలిగినప్పుడు నోరు తెరచి చెప్పవలెనని దాని భావము. అయితే చెప్పుట వేరు, చెప్పినది తగినవారి చెవిని బడుట వేరు. ఈ రెంటికి నడుమ ఎంత దూరముండునో నేటి విద్యుత్కారులను చూచిన తెలిసికొనవచ్చును. వానిలో కొన్నిటియందు, నడుపువాడు చేతులు చక్రముమీదనుంచియే, తనకు కనబడిన లోపమును నోటితో కారునకే చెప్పుటకు వీలు కలదు. ఈ యేర్పాటువలన కారు యజమానికి నిజముగా మేలు కలుగుచున్నదా, లేక చెవిటివాని ముందర శంఖమూదినట్లగుచున్నదా యను విషయమును ఈ వ్యాసమునందు విచారింతము.

మంచి నివేదనమునకు కావలసిన యంగములు

యంత్రదోషమును ఆంగ్లేయులు ‘బగ్’ అందురు, అనగా పురుగు. ఈ వాడుక చాల పాతది. థామస్ ఎడిసన్ 1878వ సంవత్సరమున వ్రాసిన యొక జాబులోనే ఈ మాటను యంత్రలోపమను నర్థమున వాడియున్నాడు. తరువాత 1947 సెప్టెంబరు 9వ తేదీన, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునందు మార్కు-2 అను గణనయంత్రము సరిగా పనిచేయకపోగా, పనివారు దానిని పరీక్షించి, రిలే యను విద్యుత్సాధనములో చిక్కుకొనియున్న నిజమైన రెక్కలపురుగు నొకదానిని కనుగొనిరి. వారు దానిని పారవేయక తమ దినచర్య పుస్తకములో అంటించి, దాని ప్రక్కను వేళను, రిలే సంఖ్యను, అది యమర్చబడిన పలక పేరును వ్రాసియుంచిరి. ఆ పుస్తకము స్మిత్సోనియన్ సంస్థవారి ప్రదర్శనశాలలో భద్రపరుపబడియున్నది.

ఈ చిన్న సంగతిలో మంచి దోషనివేదనమునకు కావలసిన యంగములన్నియు కలవు. దోషము ఎప్పుడు కలిగినది, ఎక్కడ కలిగినది, దానికి సాక్ష్యమేమి యను మూడును అందు వ్రాయబడినవి. వీనికంటె ముఖ్యమైన నాలుగవ యంగము మరియొకటి కలదు. ఆ పుస్తకమును చదువువారే ఆ యంత్రమును బాగుచేయువారు. కాబట్టి వ్రాసినది వృథా కాలేదు. కారుతో చెప్పిన మాటకును ఈ నాలుగంగములు కలవో లేవో చూడవలెను.

కారు ఏమి వినును, ఏమి వ్రాసికొనును?

పూర్వపు మోటారుకారులో లోపము కలిగినయెడల చప్పుడువలననో, వాసనవలననో, పొగవలననో మెకానిక్కు దానిని పోల్చువాడు. నేటి కారులోనో, బ్రేకులు, దీపములు, తలుపులు, బ్యాటరీ మొదలగు నంగములన్నియు చిన్న చిన్న కంప్యూటర్ల యధీనమున నుండును. జర్మనీదేశపు బాష్ కంపెనీవారు 1986లో లోకమునకు తెలియపరచిన ‘క్యాన్’ అను పద్ధతి ననుసరించి, ఈ కంప్యూటర్లు జంట తీగెలమీదుగా ఒకదానికొకటి సమాచారమును పంపుకొనును. ఆ సమాచారములో కొంత భాగము కారునందలి జ్ఞాపకశక్తిలో నమోదగును. అయితే అందలి చోటు పరిమితము. పలకమీద క్రొత్త లెక్క చేయుటకు పాతదానిని తుడిచివేయునట్లు, క్రొత్త వ్రాత వచ్చినకొలది పాత వ్రాత చెరిగిపోవును.

అమెరికాలోని టెస్లా కంపెనీవారు 2012 జూను నెలలో మోడల్ ఎస్ అను విద్యుత్కారును కొనినవారికి అప్పగింప మొదలుపెట్టిరి. కారును నడిపించు ఆజ్ఞావళిని, అనగా సాఫ్ట్‌వేరును, కారు ఇంటియొద్ద నిలిచియుండగనే దూరమునుండి పంపి మార్చుట వీరు వాడుకలోనికి తెచ్చిన పద్ధతి. నోటితో దోషమును తెలుపు విధమును వీరి యజమానుల పుస్తకములలో ఇట్లు వివరించియున్నారు. మాటల మీటను నొక్కి ‘బగ్ రిపోర్ట్’ అని పలికి, వెంటనే లోపమును గూర్చి క్లుప్తముగా చెప్పవలెను. అంతట కారు తన యంగముల స్థితిని, తానున్న స్థలమును, తెరమీద అప్పుడు కనబడు దృశ్యమును ఛాయాపటము తీసినట్లు పట్టియుంచును. కంపెనీవారు ఈ నివేదనములను అప్పుడప్పుడు పరిశీలించి, కారులను మెరుగుపరచుటకు ఉపయోగించుకొందురు.

దీనినిబట్టి మొదటి మూడంగములు ఈ పద్ధతియందు చక్కగా కుదిరినవని ఒప్పుకొనవలెను. వేళయు, స్థలమును, సాక్ష్యమును ఒక్కసారిగా నమోదగుచున్నవి. నడుపువాడు కాగితము, కలము వెదకుకొననక్కరలేదు. దారిమీదనుండి చూపు మరల్చనక్కరలేదు.

వచ్చి పోవు రోగము

ఈ యేర్పాటువలని మేలు ఎట్టిదో ఒక పోలికచే తెలిసికొనవచ్చును. బిడ్డకు రాత్రి జ్వరము వచ్చును. తెల్లవారి వైద్యునియొద్దకు తీసికొని పోవుసరికి ఒడలు చల్లబడియుండును. వైద్యుడు నాడి చూచి, ఏమియు లేదని పంపివేయును. ఆ రాత్రి మరల జ్వరము వచ్చును. తల్లి తెలివిగలదై, ఏ గంటకు ఎంత వేడి యున్నదో కాగితముమీద వ్రాసి తెచ్చినయెడల వైద్యునికి దారి దొరకును.

కారులోని లోపములలోను వచ్చి పోవునవే మిక్కిలి చిక్కు పెట్టును. వానలో మాత్రము ఒక తలుపు తెరచుకొనదు. ఒక వంతెన దాటునప్పుడు మాత్రము తెర నల్లబడును. మరమ్మతు కేంద్రమునకు చేరగనే అంతయు సరిగానుండును. ‘మాకు లోపమేమియు కనబడలేదు’ అని అచటివారు కారును త్రిప్పి పంపుదురు. లోపము కలిగిన నిమిషమునందే యజమాని నోటితో చెప్పి గుర్తు పెట్టియుండినచో, ఆ తేదీని ఆ వేళను చెప్పి, అప్పటి నమోదులను తీసి చూడుడని అడుగుటకు వీలు కలుగును. వేలకొలది పంక్తులున్న నమోదులో ఎచట చూడవలెనో తెలియుటయే సగము మరమ్మతు. కాబట్టి నోటిమాట నివేదనము మరమ్మతు చేయువానికి మంచి గుర్తుగా పనికివచ్చుచున్నది. ఇది నిశ్చయమైన లాభము.

నాలుగవ యంగము

ఇక చదువువారెవరు? ఇక్కడనే యజమాని మోసపోవుటకు అవకాశము కలదు. మాట ముగియగనే తెరమీద కృతజ్ఞతావాక్యమొకటి కనబడవచ్చును. దానిని చూచి, ‘నా ఫిర్యాదు చేరినది, ఎవరో చదువుచున్నారు, రేపో ఎల్లుండియో బాగుచేయుదురు’ అని యజమాని నిశ్చింతగా నుండును. కాని ‘అప్పుడప్పుడు పరిశీలింతుము’ అను వాక్యములో, ప్రతి నివేదనమును చదువుదుమను వాగ్దానము లేదు. ప్రత్యుత్తరము వ్రాయుదుమను మాట అంతకన్నను లేదు. కొందరు యజమానులు చెప్పుదానినిబట్టి, మరమ్మతునకై వేరుగా దినమును నిర్ణయించుకొని అడిగినప్పుడే ఆ నమోదులను వెలికి తీసి చూచుట జరుగుచున్నది. అడుగనివాని గుర్తు పెట్టిన చోటనే పడియుండును.

మరియొక సంగతిని గమనింపవలెను. 2023లో టెస్లావారు, కారు తనంతట తాను నడచుటకు సంబంధించిన సాఫ్ట్‌వేరులో నోటిమాట సందేశమును క్రొత్తగా చేర్చిరి. నడుపువాడు యంత్రమును తప్పించి చక్రమును తాను తీసికొనినపుడు, ఏల అట్లు చేసెనో మాటలతో చెప్పి పంపవచ్చును. ఆ సందేశము పంపినవాని పేరు లేకయే పోవునని కంపెనీవారు తెలిపిరి. పేరు లేకుండుట గోప్యతకు మంచిదే. కాని పేరులేని జాబునకు ప్రత్యుత్తరమెట్లు వచ్చును? అట్టి సందేశములు వేలకొలది ప్రోగైనప్పుడు యంత్రమును దిద్దువారికి ఉపయోగపడవచ్చును. చెప్పిన యజమాని కారులోని ప్రత్యేక లోపము మాత్రము దానిచే బాగుపడదు.

కావున ‘ప్రయోజనము కలదా?’ అను ప్రశ్నను మూడుగా విడదీయవలెను. మరమ్మతు చేయువానికి ప్రయోజనము కలదు, యజమాని వెంటబడి అడిగినయెడల. తయారుచేయువారికి ప్రయోజనము కలదు, ఒకే లోపమును పలువురు చెప్పినయెడల. కారునకు చెప్పి ఊరకుండిన యజమానికి మాత్రము ప్రయోజనము మిక్కిలి కొంచెము.

నిజముగా దిద్దబడిన లోపములు

లోపములు ఎట్లు దిద్దబడినవో తెలిసిన కొన్ని నిదర్శనములను చూతము. 2018 మే నెలలో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ అను పత్రికవారు టెస్లా మోడల్ 3 కారును పరీక్షించి, గంటకు 60 మైళ్ల వేగమున పోవుచు బ్రేకు వేసినయెడల అది నిలుచుటకు 152 అడుగుల దూరము పట్టుచున్నదని ప్రకటించిరి. కొలిచి చూపిన దోషమగుటచే కంపెనీవారు కొలది దినములలోనే క్రొత్త సాఫ్ట్‌వేరును పంపిరి. పత్రికవారు మరల కొలువగా దూరము 133 అడుగులకు తగ్గినది. బిడ్డ దారికి అడ్డముగా పరుగెత్తినప్పుడు ఈ 19 అడుగులు ప్రాణమును నిలుపగలవు.

2021 అక్టోబరులో మరియొకటి జరిగినది. తనంతట తాను నడచు సాఫ్ట్‌వేరును ముందుగా పరీక్షించుటకు ఒప్పుకొనిన యజమానులకు క్రొత్త కూర్పొకటి పంపబడెను. కారణము లేకయే ప్రమాదసూచనలు మ్రోగుచున్నవనియు, బ్రేకులు పడుచున్నవనియు వారు కొలది గంటలలోనే తెలిపిరి. కంపెనీవారు వెంటనే ఆ కూర్పును వెనుకకు తీసికొని, తరువాత 11,704 వాహనములకు ప్రభుత్వ పద్ధతి ప్రకారము దిద్దుబాటును ప్రకటించిరి. ఇచట చెప్పిన మాట త్వరగా చెవిని బడినది. ఏలయనగా, చెప్పువారు కొందరే. వినుటకై ఎదురుచూచుచున్నవారు అవతల సిద్ధముగా నుండిరి. ఒకే దోషమును పలువురు ఒకే దినమున చెప్పిరి.

మూడవ నిదర్శనము వేరువిధమైనది. 2012 మొదలు 2018 వరకు తయారైన మోడల్ ఎస్ కారులలోను, 2016 మొదలు 2018 వరకు తయారైన మోడల్ ఎక్స్ కారులలోను నడిమి తెరను నడుపు కంప్యూటరునందు 8 గిగాబైట్ల జ్ఞాపకపు బిళ్ల యొకటి యుండెను. వ్రాసి తుడుచుటవలన అది క్రమముగా అరిగిపోవుచు, ఐదారేండ్లకు చెడిపోవుచుండెను. చెడినప్పుడు తెర నల్లబడి, కారును వెనుకకు నడుపునపుడు చూపవలసిన దృశ్యము కనబడకుండెను. అద్దముమీది మంచును తొలగించు ఏర్పాటునకును భంగము కలిగెను. తెరను నడుపు కంప్యూటరే చెడినప్పుడు ఆ తెరద్వారా ఫిర్యాదు చేయుటెట్లు? అమెరికా ప్రభుత్వమువారి జాతీయ రహదారి భద్రతా సంస్థకు 11 ఫిర్యాదులు అందగా, 2020 జూనులో వారు విచారణ మొదలుపెట్టిరి. 2021 జనవరిలో కారులను దిద్దవలెనని కంపెనీవారికి వ్రాసిరి. ఫిబ్రవరిలో 1,34,951 వాహనములకు దిద్దుబాటు ప్రకటింపబడెను. తగిన స్థలమునకు చేరిన పదునొకండు ఫిర్యాదులతో ఆరంభమైన పని లక్షకు పైబడిన కుటుంబములకు ఉపకరించెను.

నాలుగవది 2022 సంవత్సరమునాటిది. ముందు ఏ యడ్డును లేకయే కారు తనంతట తానే బ్రేకు వేసికొనుచున్నదని తొమ్మిది నెలలలో 354 మంది ఆ సంస్థకే వ్రాసిరి. వేగముగా పోవు దారిలో కారు హఠాత్తుగా మందగించినయెడల వెనుక వచ్చు బండి గుద్దుకొను భయము కలదు. ఫిబ్రవరిలో సుమారు 4,16,000 కారులను గూర్చి విచారణ ఆరంభమాయెను. జూను నాటికి ఫిర్యాదుల సంఖ్య 758కి పెరిగినది. ఈ అంకెలు లోకమునకు తెలియుటకు కారణమేమనగా, ఆ ఫిర్యాదులు ప్రభుత్వపు పట్టికలో చేరి, ఫిర్యాదుచేసినవారి పేరులు లేకుండ, ఎవరైనను చదువుటకు వీలుగా ప్రకటింపబడుటయే. కారునకు చెప్పిన మాటలెన్నియో, వానిలో ఎన్ని దిద్దబడెనో బయటివారు లెక్కింపజాలరు. ఆ లెక్క కంపెనీవారి చేతిలోనే యుండును.

విమానములు నడుపువారి పద్ధతి

ఈ విషయమున విమానయానమునందొక మంచి మాదిరి కలదు. విమానములు నడుపువారు తమకు కలిగిన అపాయములను, పొరపాట్లను భయములేక తెలుపుటకై అమెరికాలో 1976లో ఒక ఏర్పాటు స్థిరపడెను. దానిని శిక్షించు అధికారముగల విమానశాఖ చేతిలో నుంచక, నాసా సంస్థ చేతిలో పెట్టిరి. వచ్చిన ప్రతి నివేదనమును ఇద్దరు నిపుణులకు తక్కువ కాకుండ చదువుదురు. పంపినవాని పేరుగల భాగమును చింపి, అందినదనుటకు గుర్తుగా అతనికే తిరిగి పంపుదురు. పేరులు తొలగించిన నివేదనములను అందరికి అందుబాటులో నుంచుదురు.

ఇందు గోప్యతయు కలదు, రసీదును కలదు. కారులోని నివేదనమునకును ఇట్టి రసీదు సంఖ్య నొకదానిని ఇచ్చి, ‘చదివితిమి’, ‘దిద్దితిమి’, ‘ఇది లోపము కాదు’ అను మూడు మాటలలో ఏదో యొకటి తిరిగి పంపినయెడల యజమానికి ఎంతో మేలు కలుగును. తపాలాకచేరీలో రిజిస్టరు ఉత్తరమునకు రసీదు ఇచ్చునట్లే ఇది చేయదగిన పని.

గోప్యతను గూర్చి ఒక మాట

నోటితో చెప్పునపుడు మాట మాత్రమే పోదు. కారున్న చోటును, తెరమీది దృశ్యమును దానితో చేరుననుట మరువరాదు. తెరమీద పోవలసిన ఇంటి చిరునామాయో, మాటలాడుచున్నవారి పేరో యుండవచ్చును. 2023 సెప్టెంబరులో మొజిల్లా సంస్థవారు 25 కంపెనీల కారులను గోప్యత విషయమున పరీక్షించి, ఒక్కటియు తృప్తికరముగా లేదని ప్రకటించిరి. అందుచేత నివేదనము చేయవలదని కాదు; తెరమీద ఏమున్నదో ఒకసారి చూచుకొని చెప్పుట మంచిది.

యజమాని చేయవలసిన పని

పై విషయములనుబట్టి విద్యుత్కారు గలవారు ఈ క్రమమును అనుసరించుట మేలు.

మొదట, లోపము కలిగిన వెంటనే నోటితో చెప్పి గుర్తు పెట్టవలెను. ‘కారు బాగుగాలేదు’ అనుట చాలదు. ‘వానలో, నలుబది మైళ్ల వేగమున, ఎడమ దీపము ఆరిపోయినది’ అని చెప్పవలెను.

రెండవది, కారు నిలిపిన పిమ్మట తేదీని, వేళను, స్థలమును తన పుస్తకములో వ్రాసికొనవలెను. కారులోని నమోదు కంపెనీవారి వశమున నుండును. ఈ పుస్తకము యజమాని వశమున నుండును.

మూడవది, మరమ్మతు కేంద్రమునకు వ్రాతమూలముగా తెలిపి, ఆ వేళ నమోదును చూడుడని కోరి, వారి ప్రత్యుత్తరమును దాచుకొనవలెను.

నాలుగవది, బ్రేకు, చక్రము, నిప్పు, దారి చూపు దృశ్యము మొదలగు ప్రాణాపాయకరమైన లోపమైనచో, కంపెనీతో ఆగక ప్రభుత్వమువారికిని తెలుపవలెను. అమెరికాలో నివసించు మన తెలుగువారు పైన చెప్పిన రహదారి భద్రతా సంస్థకు వ్రాయవచ్చును. మన దేశమునందు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. టెస్లావారు 2025 జూలైలో బొంబాయి నగరమున తమ మొదటి విక్రయశాలను తెరచిరి. అంతకు ముందే మన దేశపు కంపెనీల విద్యుత్కారులు మన పట్టణములలో తిరుగుచున్నవి. కాబట్టి ఇది దూరదేశపు ముచ్చట కాదు.

ముగింపు

విద్యార్థులారా, నోటిమాట నివేదనము వ్యర్థమని నేను చెప్పుటలేదు. అది మంచి జ్ఞాపకపు గుర్తు. వచ్చి పోవు రోగమును పట్టుటకు తగిన సాధనము. కాని గుర్తు పెట్టుట ఫిర్యాదు చేయుట కాదు, ఫిర్యాదు చేయుట దిద్దుబాటు కాదు. ఈ భేదము తెలియనివాడు బ్రేకు దోషమున్న కారులో, తాను చెప్పితిని గదా యను ధైర్యముతో, భార్యాబిడ్డలను ఎక్కించుకొని తిరుగుచుండును. అదియే ఇందలి నిజమైన అపాయము.

తరగతిలో బల్ల కాలు విరిగినదని మీరు తోటివానితో చెప్పినంతమాత్రమున అది బాగుపడదు. ఏ తరగతి, ఏ వరుస, ఏ బల్ల, ఎప్పుడు విరిగినదో వ్రాసి, బాగుచేయించు అధికారము గలవారికిచ్చి, వారము దినములకు మరల పోయి అడిగినప్పుడు వడ్రంగి వచ్చును. ఎంత క్రొత్త యంత్రము వచ్చినను ఈ పాత పద్ధతి మారలేదు. చెప్పుడు; స్పష్టముగా చెప్పుడు; చేరినదో లేదో విచారింపుడు.